గర్భాశయ కంఠపు క్యాన్సర్ : 180 ఏండ్ల అన్వేషణ

నంద్యాల నుండి కడప పోయే రహదారిమీద సుమారు 40 కిలోమీటర్ల దూరాన ఆళ్లగడ్డ ఉన్నది. నల్లమల కొండలకు చేరువలో ఉన్న ఈ ఊరు రాతి శిల్పాలకు పేరుపడినది. పనికి పూనుకొనేముందు శిల్పి రాతిని తట్టి చూస్తాడు. మ్రోత శుద్ధంగా ఉంటే సరి. బొంగురుగా ఉంటే లోపల ఎక్కడో పగులు ఉన్నదని గ్రహిస్తాడు. పైకి కనబడని లోపాన్ని ముందుగానే పసిగట్టడమే ఈ పరీక్షలోని రహస్యం. మానవ శరీరంలోనూ ఇట్టి ముందు పరీక్షకు లొంగే వ్యాధులు కొన్ని కలవు. వాటిలో ముఖ్యమైనది స్త్రీలకు వచ్చే గర్భాశయ కంఠపు క్యాన్సర్.

2022వ సంవత్సరపు అంచనాల ప్రకారం ప్రపంచంలో ఆ యేడు సుమారు 6,60,000 మంది స్త్రీలకు ఈ వ్యాధి క్రొత్తగా సోకినది. సుమారు 3,50,000 మంది మరణించారు. భారతదేశంలో క్రొత్త రోగులు సుమారు 1,27,000. మరణాలు సుమారు 80,000. అనగా మన దేశంలో దాదాపు ఏడు నిమిషాల కొకరు చొప్పున మరణించినారన్నమాట. పాఠశాలలో 45 నిమిషాల పాఠం ఒకటి ముగిసేసరికి ఆరేడుగురు తల్లులు కన్నుమూస్తున్నారు. అయితే, క్యాన్సర్లన్నిటిలోనూ కారణం ఇంత స్పష్టంగా తెలిసినదీ, నివారణకు ఇన్ని మార్గాలున్నదీ మరొకటి అరుదు. ఈ జ్ఞానం ఎట్లు సమకూడినది? సమకూడిన జ్ఞానం పల్లెలోని స్త్రీకి ఎందుకు అందలేదు? ఈ రెండు ప్రశ్నలూ కలిస్తేనే ఈ వ్యాధి చరిత్ర అవుతుంది.

వ్యాధి స్వరూపం

గర్భాశయం తలక్రిందులుగా పట్టిన బేరిపండు ఆకారంలో ఉంటుంది. క్రిందనున్న సన్నని భాగమే గర్భాశయ కంఠం. పల్లెలలో దీనిని గర్భసంచి మూతి అంటారు. దీని వెలుపలి భాగాన్ని పొరలు పొరలుగా పేర్చిన బల్లపరుపు కణాలు కప్పి ఉంటాయి. లోపలి మార్గంలో స్తంభాలవలె నిలిచిన కణాలు జిగురుద్రవాన్ని స్రవిస్తుంటాయి. ఈ రెండు జాతుల కణాలు కలిసే సరిహద్దు ఒకటున్నది. అచ్చట ఒక రకపు కణాల స్థానాన్ని మరొక రకం ఆక్రమించుకొంటూ నిరంతరం మార్పు జరుగుతుంటుంది. ఈ క్యాన్సర్ చాలవరకు ఆ సరిహద్దులోనే మొదలవుతుంది.

ఇది ఒక్కనాట పుట్టే వ్యాధి కాదు. మొదట కొన్ని కణాల ఆకారం చెడుతుంది. చెడిన కణాలు పైపొరలోనే కొన్నేండ్లు నిలిచి ఉంటాయి. వాటిలో చాలభాగం వాటంతటవే నయమవుతాయి. మిగిలినవి పొరను చీల్చుకొని లోనికి చొరబడినప్పుడే క్యాన్సర్ అనిపించుకొంటాయి. ఇంతకు సాధారణంగా 10 మొదలు 20 ఏండ్లు పడుతుంది. వ్యాధి యొక్క ఈ నిదానమే వైద్యునికి దొరికిన గొప్ప అవకాశం.

వెరోనా పట్టికలు

క్యాన్సర్‌ను తెలుగువారు పూర్వం రాచపుండు అనేవారు. ఆ మాటలోనే భయం ఉన్నది. కారణం తెలియని రోగాన్ని కర్మఫలమని సరిపెట్టుకోవడం అన్ని దేశాలలోనూ ఉన్నదే. ఆ అలవాటుకు భిన్నంగా లెక్కలు కట్టిన వ్యక్తి ఇటలీ దేశపు వైద్యుడు డొమెనికో రిగోని స్టెర్న్. ఆయన వెరోనా నగరంలో 1760 నుండి 1839 వరకు నమోదైన మరణాలను పరిశీలించి 1842లో తన ఫలితాలను ప్రకటించినాడు. గర్భాశయపు క్యాన్సర్ వివాహిత స్త్రీలలో ఎక్కువగానూ, మఠాలలోని సన్యాసినులలో మిక్కిలి అరుదుగానూ ఉన్నట్లు ఆ పట్టికలలో తేలినది. దాంపత్య జీవితంతో ఈ వ్యాధికేదో సంబంధం ఉండవలెనని ఊహ కలిగినది. ఆ సంబంధం ఏమిటో తెలియడానికి మరి 140 ఏండ్లు పట్టినది.

గాజు పలకమీది కణాలు

కారణం తెలియకపోయినా రోగాన్ని ముందుగా పట్టుకొనే ఉపాయం ఈలోగా దొరికినది. గ్రీసు దేశంలో పుట్టి 1913లో న్యూయార్కు చేరిన జార్జి పాపనికొలా అనే శాస్త్రజ్ఞుడు మొదట గినీపందుల ఋతుచక్రాన్ని పరిశోధించేవాడు. వాటి యోనిలోని ద్రవాన్ని గాజు పలకమీద పూసి, సూక్ష్మదర్శిని క్రింద కణాలను చూచేవాడు. పిమ్మట స్త్రీల విషయంలోనూ అదే పద్ధతిని అవలంబించినాడు. ఆయన భార్య ఆండ్రొమకి ఏండ్ల తరబడి ఈ పరీక్షకు తోడ్పడినది. కొందరి నమూనాలలో క్యాన్సర్ కణాలే కనిపించగా, 1928లో ఆ సంగతిని ఆయన ఒక సభలో వెల్లడించినాడు. దాదాపు అదే కాలంలో రుమేనియా దేశపు ఆరెల్ బాబేష్ కూడ ఇటువంటి పరీక్షను వర్ణించినాడు. వైద్యలోకం మాత్రం వెంటనే నమ్మలేదు. 1943లో హెర్బర్ట్ ట్రౌట్‌తో కలిసి పాపనికొలా గ్రంథం ప్రకటించిన తరువాతనే ఈ పరీక్షకు ప్రచారం లభించినది. ఆయన పేరులోని తొలి అక్షరాలనుబట్టి దీనిని పాప్ పరీక్ష అంటారు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా రాష్ట్రం 1949లోనే దీనిని ప్రజలందరికోసం ఒక పథకంగా చేపట్టినది. ఈ పరీక్ష క్రమంగా జరిగిన దేశాలలో మరణాలు బాగుగా తగ్గినవి.

అసలు కారణం

1970లలో జర్మనీ దేశపు శాస్త్రజ్ఞుడు హరాల్డ్ ట్సుర్ హౌజెన్ పులిపిరులను కలిగించే వైరస్ జాతిమీద దృష్టి నిలిపినాడు. అప్పట్లో చాలమంది వేరొక వైరస్‌ను అనుమానించేవారు. ఆయన పట్టు వదలక వెదకి, 1983లో ఈ జాతిలోని 16వ రకాన్ని, 1984లో 18వ రకాన్ని క్యాన్సర్ కణాలలో కనుగొన్నాడు. ఈ జాతికి హ్యూమన్ పాపిలోమా వైరస్ అని పేరు, క్లుప్తంగా హెచ్‌పీవీ. గర్భాశయ కంఠపు క్యాన్సర్లలో నూటికి 70 ఈ రెండు రకాలవలననే కలుగుతున్నవి. ఈ కృషికి 2008లో ఆయనకు నోబెల్ బహుమతి లభించినది.

ఈ వైరస్ దాంపత్య సంపర్కంవలన ఒకరినుండి ఒకరికి సోకుతుంది. ఇది అతి సామాన్యమైనది. జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు స్త్రీపురుషులలో చాలమందికి సోకేదే. నూటికి తొంబది మందిలో శరీరం తన రక్షణశక్తితో ఒకటి రెండేండ్లలో దీనిని తొలగించుకొంటుంది. కొద్దిమందిలో మాత్రమే అది ఏండ్ల తరబడి తిష్ఠ వేసి కణాలను చెరుస్తుంది. కాబట్టి ఈ వ్యాధి వచ్చిన స్త్రీ నడతను శంకించడం అజ్ఞానం. జీవితంలో భర్తను తప్ప అన్యుని ఎరుగని ఇల్లాలికి కూడ ఇది రావచ్చును. భర్తకు సోకి ఉన్నదన్న సంగతి భర్తకే తెలియకపోవచ్చును.

వైరస్ నిలిచిపోవడానికి తోడ్పడే పరిస్థితులు కొన్ని కలవు. అతి చిన్నవయసులో దాంపత్యం ఆరంభం కావడం, ఎక్కువ కాన్పులు, పొగాకు అలవాటు, హెచ్‌ఐవీ వంటి వ్యాధులవలన రక్షణశక్తి క్షీణించడం వీటిలో ముఖ్యమైనవి. గర్భనిరోధక మాత్రలను అయిదేండ్లకు మించి వాడినప్పుడు కూడ ప్రమాదం కొంత పెరుగుతుంది. వీటన్నిటినీ మించినది మరొకటున్నది: జీవితంలో ఒక్కసారియైనా పరీక్ష చేయించుకోకపోవడం.

మద్రాసుకు దారి

1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేవరకు నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాలు మద్రాసు రాష్ట్రపు కర్నూలు జిల్లాలో ఉండేవి. క్యాన్సర్‌కు రేడియం, ఎక్స్‌రే చికిత్సలు ఆనాడు దొరికే పెద్ద కేంద్రం మద్రాసు జనరల్ ఆసుపత్రిలో 1934లో ప్రారంభమైన బర్నార్డు రేడియాలజీ సంస్థ. మద్రాసు వైద్యకళాశాలలో పట్టం పొందిన డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి, తన చెల్లెలు క్యాన్సర్‌తో మరణించిన దుఃఖాన్ని ఒక సంకల్పంగా మార్చుకొన్నది. ఆమె కృషివలన 1954లో అడయారులో క్యాన్సర్ సంస్థ వెలసినది. ఆ మరుసటి యేడు, 1955లో, హైదరాబాదులో మెహదీ నవాజ్ జంగ్ చొరవతో రేడియం సంస్థ, క్యాన్సర్ ఆసుపత్రి ఏర్పడినవి. కర్నూలు వైద్యకళాశాల 1957లో ఆరంభమైనది.

చికిత్సాలయాలు వెలసినవిగాని దూరం తగ్గలేదు. దూరమంటే మైళ్లు మాత్రమే కాదు. పొలంపని వదలి పట్నం పోయేందుకు కూలి డబ్బు పోవలెను. తోడు ఒకరు రావలెను. అన్నిటికంటె ముందు, చెప్పుకోలేని చోట పుట్టిన బాధను ఎవరితోనైనా చెప్పుకోవలెను. అందుచేత రోగులు చాలమంది ముదిరిన దశలోనే ఆసుపత్రి చేరేవారు. తొలి దశలో చికిత్స పొందినవారిలో నూటికి 80 మందికి పైగా అయిదేండ్లు దాటి జీవిస్తారు. దూరపు అవయవాలకు వ్యాపించిన తరువాత నూటికి 20 మంది కూడ దక్కరు. ఆసుపత్రి ఒకటే, వైద్యులు వారే. ఫలితంలో ఇంత భేదం రావడానికి కారణం, రోగి ఏ దశలో వచ్చినదన్నదే.

చెప్పడంవలన కలిగిన మేలు

మహారాష్ట్రలో షోలాపురం జిల్లాలోని బార్షీ, రాయలసీమవలెనే మెట్టపొలాలు, జొన్నచేలు గల ప్రాంతం. 1987లో అక్కడ గ్రామీణ క్యాన్సర్ నమోదు ఆరంభమైనది. నమోదు చేసే కార్యకర్తలు ఊరూరా తిరిగి, రోగుల వివరాలు వ్రాసుకొనడంతోపాటు ఏయే లక్షణాలు కనబడితే వైద్యుని చూడవలెనో స్త్రీలకు చెప్పేవారు. కొద్ది యేండ్లలోనే తొలి దశలలో వచ్చే రోగుల పాలు పెరిగినట్లు లెక్కలు చూపినవి. క్రొత్త యంత్రమేదీ రాలేదు; క్రొత్త మందేదీ రాలేదు. చెప్పవలసిన మాట చెప్పవలసినవారికి చెప్పడంతోనే ఈ మార్పు వచ్చినది.

పాప్ పరీక్షకు ప్రయోగశాల, శిక్షణ పొందిన నిపుణులు కావలెను. పల్లెలలో అది కష్టం. అందుచేత మరింత సులభమైన పద్ధతిని శాస్త్రజ్ఞులు ఆలోచించినారు. వెనిగర్‌లోని ఆమ్లమే అసిటిక్ ఆమ్లం. దానిని నూటికి 3 మొదలు 5 పాళ్ల బలంగల ద్రావణంగా చేసి, దూదితో గర్భాశయ కంఠానికి అద్ది ఒక నిమిషం ఆగితే, చెడిన కణాలున్న చోటు తెల్లగా కనబడుతుంది. తర్ఫీదు పొందిన నర్సు దీనిని కంటితోనే చూడగలదు. తమిళనాడులోని దిండిగల్ జిల్లాలో జరిగిన పరిశోధనలో ఈ పరీక్షవలన మరణాలు నూటికి 35 వంతులు తగ్గినట్లు 2007లో ప్రకటించినారు. ముంబయిలో టాటా సంస్థవారి పరిశోధనలో ఈ తగ్గుదల నూటికి 31 వంతులు.

మహారాష్ట్రలోని ఉస్మానాబాదు జిల్లాలో 1,31,746 మంది స్త్రీలను నాలుగు వర్గాలుగా చేసి వేర్వేరు పరీక్షలను పోల్చి చూచినారు. 2009లో వెలువడిన ఫలితాల ప్రకారం, ఒక్కసారి హెచ్‌పీవీ పరీక్ష పొందిన వర్గంలో ఈ వ్యాధివలన 34 మంది మరణించగా, పరీక్ష జరగని వర్గంలో 64 మంది మరణించినారు. మరణాలు దాదాపు సగమైనవి. శాస్త్రానికిది గొప్ప ఫలితం. కాని పరీక్ష జరగని ఆ వర్గపు స్త్రీలను అట్లు విడిచిపెట్టడం న్యాయమా అనే ప్రశ్నకూడ దేశవిదేశాల వైద్యులలో తలెత్తినది.

ఖమ్మం పాఠం

ఇంతలో వైరస్‌ను ముందే అడ్డుకొనే టీకా 2006లో అమెరికాలో వాడుకలోనికి వచ్చినది. 2009 జూలైలో, అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో, భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాలలో పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి ఒక పథకాన్ని ఆరంభించినవి. 10 మొదలు 14 ఏండ్ల బాలికలు సుమారు 14,000 మందికి టీకాలు వేయించారు. వారిలో గిరిజన బాలికలు, ప్రభుత్వ వసతిగృహాలలో చదువుకొనేవారు అనేకులు. కొందరు బాలికలు మరణించినారన్న వార్తలతో కలవరం చెలరేగి, 2010 ఏప్రిల్‌లో పథకం నిలిచిపోయినది.

ఆ మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు. కాని వేరొక లోపం బయటపడినది. పరిశీలనకు వచ్చిన 9,543 సమ్మతి పత్రాలలో 2,763 మీద వసతిగృహాల వార్డెన్లే సంతకాలు చేసినారు; 1,948 మీద వేలిముద్రలు ఉన్నవి. తల్లిదండ్రులకు సంగతి తెలియదు. తెలిసినవారిలోనూ వేలిముద్ర వేసినవారు ఆ పత్రంలో ఏమున్నదో చదువుకోగలవారు కారు. పార్లమెంటరీ స్థాయీసంఘం 2013 ఆగస్టులో తన నివేదికలో ఈ పద్ధతిని తీవ్రంగా విమర్శించినది. టీకా మంచిదే కావచ్చును. కాని అడగకుండా చేసిన మేలును జనం మేలుగా నమ్మరు. ఆ అపనమ్మకంవలన దేశంలో ఈ టీకా ప్రచారం అనేక సంవత్సరాలు వెనుకబడినది.

ఈ కథలో మరొక మలుపున్నది. అదే కాలంలో దేశంలోని అనేక కేంద్రాలలో రెండు మోతాదుల టీకాను మూడు మోతాదులతో పోల్చే పరిశోధన ఒకటి సాగుతున్నది. 2010 ఏప్రిల్‌లో అదికూడ ఆగినది. అప్పటికి 17,729 మంది బాలికలకు టీకా అందినది. వారిలో 4,950 మందికి దొరికినది ఒక్క మోతాదే. శాస్త్రజ్ఞులు వారిని విడిచిపెట్టక పదేండ్లవరకు గమనించినారు. 16, 18 రకాల వైరస్ శరీరంలో నిలిచిపోకుండ కాపాడడంలో ఒక్క మోతాదు నూటికి 95 వంతులు ఫలించినట్లు 2021లో తేలినది. రెండు, మూడు మోతాదుల ఫలితం దీనికంటె మెరుగు కాదు. ఇటువంటి ఆధారాలనుబట్టి, బాలికలకు ఒక్క మోతాదు కూడ చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో తన సిఫారసును సవరించినది. పుణెలోని సీరం సంస్థ తయారుచేసిన దేశీయ టీకాకు అదే యేట అనుమతి లభించినది. వెరోనా పట్టికలు వెలువడి అప్పటికి 180 ఏండ్లు.

టీకా ఫలితం ఇప్పుడు ఊహ కాదు. స్వీడన్‌లో 17 ఏండ్లు నిండకముందే టీకా పొందినవారిలో ఈ క్యాన్సర్ నూటికి 88 వంతులు తక్కువగా ఉన్నట్లు 2020లో ప్రకటించినారు. అయితే టీకా అన్ని రకాల వైరస్‌లనూ ఆపదు. అప్పటికే సోకినదానిని నయం చేయదు. అందుచేత టీకా వేయించుకొన్నవారికి కూడ తగిన వయసులో పరీక్ష అవసరమే.

తెలుసుకోవలసిన లక్షణాలు

కణాలు చెడుతున్న దశలోనూ, క్యాన్సర్ అప్పుడే మొదలైన దశలోనూ చాలమందికి ఏ బాధా ఉండదు. ఏ బాధా లేనప్పుడే పరీక్ష చేయించుకోవలెననడానికి కారణమిదే. పిమ్మట కనిపించే గుర్తులు ఇవి:

ముట్టుకు, ముట్టుకు నడుమ రక్తం కనబడడం. దాంపత్య సంపర్కం తరువాత రక్తం కనబడడం. ముట్లుడిగి ఏడాది దాటిన స్త్రీకి మరల రక్తం కనబడడం. తెల్లబట్ట దుర్వాసనతోగాని, నెత్తుటి చారలతోగాని రావడం. పొత్తికడుపులో, నడుములో తగ్గని నొప్పి. కాలు వాయడం, మూత్రానికి ఇబ్బంది కలగడం, మనిషి చిక్కిపోవడం వ్యాధి ముదిరిన తరువాతి గుర్తులు.

వీటిలో ఏదో ఒకటి ఉన్నంతమాత్రాన క్యాన్సర్ అని భయపడనక్కరలేదు. తెల్లబట్టకు సామాన్యమైన కారణాలు అనేకం కలవు. కాని అది వేడివలన వచ్చినదని, వయసువలన వచ్చినదని తమలో తాము నిర్ణయించుకొని నెలలు గడపరాదు. ముఖ్యంగా ముట్లుడిగిన స్త్రీకి ఒక్కమారు రక్తం కనబడినా, మరల వస్తే చూద్దామని ఆగరాదు. వైద్యుడు కంఠాన్ని కంటితో చూచి, అనుమానమున్నచోట చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతాడు. క్యాన్సర్‌కు ముందు దశ అయితే, చెడిన భాగాన్ని అతిశీతలంతోగాని వేడితోగాని కొద్ది నిమిషాలలో నశింపజేయవచ్చును, గర్భసంచి తీయనక్కరలేదు. క్యాన్సరే అయితే దశనుబట్టి శస్త్రచికిత్స, కిరణచికిత్స, మందులు ఉంటాయి.

జ్ఞానం నడవవలసిన దారి

30 మొదలు 65 ఏండ్ల స్త్రీలకు అయిదేండ్లకొకసారి అసిటిక్ ఆమ్ల పరీక్ష చేయవలెనని కేంద్ర ప్రభుత్వం 2016లో మార్గదర్శకాలు ఇచ్చినది. అయినప్పటికీ 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 30 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో ఎన్నడైనా ఈ పరీక్ష చేయించుకొన్నవారు దేశం మొత్తంమీద నూటికి ఇద్దరు కూడ లేరు. మరొకప్రక్క, 2030 నాటికి ప్రతి దేశంలో 15 ఏండ్లలోపు బాలికలలో నూటికి 90 మందికి టీకా, 35, 45 ఏండ్ల వయసులలో నూటికి 70 మందికి పరీక్ష, వ్యాధి కనబడినవారిలో నూటికి 90 మందికి చికిత్స అందవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో లక్ష్యం నిర్ణయించినది. ఈ రెండు అంకెల నడుమనున్న అంతరమే నేటి సమస్య.

నంద్యాల 2022 ఏప్రిల్‌లో జిల్లా కేంద్రమైనది. 2023లో అక్కడ ప్రభుత్వ వైద్యకళాశాల ఆరంభమైనది. ఒకనాడు మద్రాసు, హైదరాబాదు పోవలసిన ఆళ్లగడ్డ స్త్రీకి నేడు వైద్యనిపుణుడు బస్సు ప్రయాణపు దూరంలోనే ఉన్నాడు. మైళ్ల దూరం తగ్గినది. సంకోచపు దూరం మిగిలినది. దానిని తగ్గించగలవారు ఊరి ఆశా కార్యకర్త, ఉపకేంద్రపు నర్సు, ఉన్నత పాఠశాల ఉపాధ్యాయులు.

జీవశాస్త్ర పాఠంలో కణం, వైరస్, రోగరక్షణ శక్తి ఎటులూ చెప్పవలసినవే. వాటితోపాటు ఈ వ్యాధి సంగతిని నిస్సంకోచంగా, శాస్త్రీయంగా చెప్పితే, విద్యార్థిని ఇంటికి పోయి తల్లికీ, పెద్దమ్మకూ, అవ్వకూ చెప్పుతుంది. విద్యార్థి కూడ రేపటి భర్త, రేపటి తండ్రి గనుక అతడు వినవలసిన పాఠమే ఇది. టీకా విషయంలో తల్లిదండ్రులకు ముందుగా వివరించి, వారి సందేహాలకు బదులు చెప్పి, ఇష్టపూర్వకమైన సమ్మతి తీసుకోవడం ఖమ్మం నేర్పిన పాఠం. లక్షణాలు చెప్పినంతమాత్రాన తొలి దశలో వచ్చే రోగులు పెరుగుతారన్నది బార్షీ నేర్పిన పాఠం. ఈ రెండింటికీ ఖర్చు లేదు. ముప్పది యేండ్లు దాటిన ప్రతి స్త్రీ ఒక్కసారి ఉపకేంద్రానికిగాని, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికిగాని పోయి పరీక్షను గూర్చి అడిగితే చాలు. అన్వేషణలో శాస్త్రజ్ఞులు చేయవలసిన భాగం చాలవరకు ముగిసినది గనుక, మిగిలిన భాగం అక్కడనుండి మొదలవుతుంది.